ఉన్ని ప్రతిమ: ఒక ధర్మవిచారము

చనిపోయిన పెంపుడు కుక్కకు ఉన్నితో ప్రతిమ చేయించి ఇంటిలో నిలుపుకొనుట తగునా, తగదా? ప్రశ్న మిక్కిలి చిన్నదిగా తోచవచ్చును. నగరజీవితమున ఎన్నో పెద్ద చిక్కులుండగా ఒక బొమ్మను గూర్చి ధర్మవిచారమేల యని పాఠకులు నవ్వుకొనవచ్చును గూడ. కాని మనుష్యుని ధర్మము పెద్ద ఘట్టములందు కంటె ఇట్టి చిన్న పనులందే తేటగా బయటపడుచుండును. మృతులకు మనము పడియున్న బాకీ యేమి? జ్ఞాపకమునకును మోహమునకును నడుమ గీత యెక్కడ? నోరులేని ప్రాణియెడ ప్రేమ యెంతవఱకు ధర్మము, ఎచ్చటనుండి విలాసము? ఈ ప్రశ్నలన్నియు పిడికెడు ఉన్నిలో ఇమిడియున్నవి.

బెంగళూరు నగరమున నేడు సూదితో ఉన్నిని పొడిచి బొమ్మలు చేయు విద్యను నేర్పు తరగతులు జరుగుచున్నవి. ఛాయాచిత్రము పంపినచో ఆ కుక్క పోలికనో, ఆ పిల్లి పోలికనో చేసి యిచ్చువారును కలరు. ఆంగ్లమున దీనిని ‘నీడిల్ ఫెల్టింగ్’ అందురు. మనము దీనిని సూదిపోటు పని యనవచ్చును. ఉద్యోగముల కొఱకు స్వస్థలములు విడిచి ఈ నగరమున స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో ఇంటికి ఇద్దరో ముగ్గురో ఉందురు. తల్లిదండ్రులు దూరమున, బంధువులు అంతకంటె దూరమున నుందురు. అట్టి యింట కుక్క కావలి జంతువుగా మిగులదు. దానికొక పేరు, ఒక చాప, ఒక వైద్యుడు, సాయంకాలము నడకకు ఒక వేళ ఏర్పడును. పది పన్నెండేండ్లు గడచునప్పటికి అది పోవును. పల్లెలోనైనచో చేని గట్టున చెట్టుక్రింద పూడ్చెడివారు. చెట్టే గుర్తు, దారిన పోవునపుడు చూపు అటు తిరిగెడిది, అంతే. ఏడవ అంతస్తున నివసించువానికి తనదను చెట్టు లేదు. కెంగేరి వద్ద ‘పీపుల్ ఫర్ ఆనిమల్స్’ సంస్థవారు పెంపుడు జంతువులకు ప్రత్యేకముగా శ్మశానవాటిక ఏర్పఱచినారు. అచటికి పోయి వచ్చిన పిదపను ఇంటిలోని చాప ఖాళీగనే యుండును. ఆ ఖాళీలోనికే ఈ ఉన్ని ప్రతిమ వచ్చుచున్నది.

పని యెట్లు జరుగునో తెలియనిదే దాని ధర్మము తెలియదు. గొఱ్ఱె ఉన్నిపోగును సూక్ష్మదర్శినిలో చూచినచో దాని ఒడలంతయు పొలుసులు, ఇంటికప్పు మీది పెంకులవలె ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. ఈ పొలుసుల వలననే పోగులు ఒకదానితో నొకటి చిక్కుపడి విడివడకుండును. నీటితోను సబ్బుతోను తడిపి, రుద్ది, ఉన్నిని దట్టముగా చేయుట ప్రాచీనమైన విద్య. కాశ్మీరపు నమదాలు అట్టివే. సైబీరియాలోని ఆల్తాయి కొండలలో పజిరిక్ అను చోట, మంచున గడ్డకట్టిన సమాధినుండి 1949లో త్రవ్వి తీసిన ఉన్నిహంసలు నేటికిని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరమున హెర్మిటేజ్ ప్రదర్శనశాలలో కలవు. అవి రెండువేల రెండువందల యేండ్లకు పైబడినవి. ఉన్నితో ప్రాణి పోలిక చేసి మృతునియొద్ద నుంచుట కొత్త వెఱ్ఱి కాదని తెలియుటకు ఈ ఒక్క నిదర్శనము చాలును.

సూదిపోటు పనికి నీటి అవసరము లేదు. దీని సూదికి దారమెక్కించు బెజ్జముండదు. అది అంచులుగల ఉక్కుసూది. అంచుల మీద సన్నని గంట్లుండును. ఆ గంట్లు క్రిందిచూపుగా నుండుటచే సూది లోనికి దిగునపుడు పైపోగులను పట్టి లోపలికి ఈడ్చుకొనిపోవును. పైకి వచ్చునపుడు వానిని అక్కడనే విడిచివచ్చును. ఈ సూది మొదట కర్మాగారములలో యంత్రములకు పుట్టినది. 1980 తరువాతి కాలమున అమెరికాలో చేతిపనికి వచ్చినది. సూదులకు 36, 38, 40 అని అంకెలు కలవు. అంకె పెరిగిన కొలది సూది సన్నగిల్లును. ముతకసూదితో మేనిని, సన్నసూదితో ముక్కుకొనను, కనుఱెప్పను తీర్తురు. సూది ఏ వాలున దిగినదో ఆ వాలుననే పైకి రావలెను. లోపల వంచినచో పుటుక్కున విఱుగును. గుప్పెడంత కుక్కపిల్లకు వేలకొలది పోట్లు కావలయును. ఒకచోట మితిమీరి పొడిచినచో అచట పల్లమగును. బిగిసిన ఉన్ని మరల మునుపటివలె వదులు కాదు. ఆ పల్లమును పూడ్చుటకు పైన మఱికొంత ఉన్ని చేర్చి మరల పొడువవలసినదే. తొందరపడు చేతికి, పరధ్యానమున నుండు కంటికి ఈ పని లొంగదు. వ్రేలికి సూది దిగుటయు తఱచే.

ఐనను చేతికంటె కంటికే ఇందు శ్రమ ఎక్కువ. నవరాత్రులలో మన యిండ్ల బొమ్మల కొలువున కుక్కబొమ్మ యుండవచ్చును. అది ఏ కుక్కయు కాదు, కుక్క జాతికి గుర్తు. ఉన్ని ప్రతిమ కోరువాడు అట్టిదానితో తృప్తిపడడు. తన కుక్క కుడిచెవి మడత, గడ్డముక్రింది తెల్లమచ్చ, ముసలితనమున నెరసిన మూతి అతనికి కావలెను. పనివారు అతని నడుగుదురు: మడతపడినది ఏ చెవి? తోక ఎటు వంపు తిరిగియుండెను? ఏండ్ల తరబడి ప్రతిదినము చూచిన యజమానుడు ఒక్క క్షణము తడబడి చిత్రపటములు వెదకును. ప్రేమించితిమని చెప్పుకొను ప్రాణిని మనము నిజముగా ఎంత చూచితిమి అను ప్రశ్న అప్పుడు ఎదురగును. దుఃఖము చూపునకు మరల పాఠము చెప్పును. ఈ విధముగా ప్రతిమ చేయుటయే ఒక ఆలస్యమైన దర్శనము.

మన ప్రాచీనులు ఈ భేదము నెఱుగుదురు. కల్యాణపుర చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతమున మానసోల్లాసమను గ్రంథమును రచించెను. నేటి కర్ణాటకములోని బసవకల్యాణమే ఆ రాజధాని. రాజు తెలిసికొనదగిన సమస్త విషయములతోపాటు చిత్రకళను గూర్చియు అందు విచారణ కలదు. అద్దములోని ప్రతిబింబమువలె పోలిక కుదిరిన చిత్రమునకు ఆయన ‘విద్ధము’ అని పేరు పెట్టెను. విద్ధమనగా గుచ్చబడినది యని గదా ధాత్వర్థము. సూదితో గ్రుచ్చి గ్రుచ్చి సాధించు ఈ పోలికకు ఆ పేరు అక్షరాల సరిపోవుచున్నది. ఒకానొక వ్యక్తి పోలికను సాధించవలెనన్నచో ఆ వ్యక్తిని వ్యక్తిగా గుర్తింపవలెను. కుక్కకు విద్ధప్రతిమ చేయువాడు, ఎఱిగియో యెఱుగకయో, కుక్కయు ఒక వ్యక్తియే యని ఒప్పుకొనుచున్నాడు. ఈ ఒప్పుకోలు చిన్నది కాదు. దీని పర్యవసానమును ముందు చూతము.

ఇక ఆక్షేపణలకు వత్తము. మొదటి ఆక్షేపణ పురాణమే చేయుచున్నది. భాగవతము పంచమస్కంధమున భరతుని కథ మనకందఱకు తెలిసినదే. తెలుగున ఆ స్కంధమును గంగన రచించెను. రాజ్యము విడిచి తపస్సునకు పోయిన భరతుడు గండకీనదిలో కొట్టుకొనిపోవుచున్న తల్లిలేని లేడిపిల్లను రక్షించి పెంచెను. క్రమముగా జపము తగ్గెను, పూజ తగ్గెను. మనసంతయు లేడియే అయ్యెను. లేడినే తలచుచు ప్రాణము విడిచి లేడియై పుట్టెను. పెంపుడు జంతువు మీది మమకారము ఇంతపని చేయునని పెద్దలు మనలను హెచ్చరించుచుందురు. బ్రతికియున్న లేడియే ముక్తికి అడ్డమైనప్పుడు చచ్చిన కుక్కకు బొమ్మ యేల యని వారి ప్రశ్న.

ఆ కథను మఱొకమాఱు నిదానముగా చదువవలెను. ఏటిలోని లేడిపిల్లను తీసి కాపాడుట దోషమని ఆ కథ చెప్పుట లేదు. అప్పుడు చూచుచు ఊరకుండినచో అదియే దోషమై యుండెడిది. లేడి తప్ప తక్కిన లోకమంతయు అతనికి మాసిపోవుట, తన కర్తవ్యమును విడుచుట ఆ కథలోని దోషము. కావున మమకారమును కొలుచుటకు ఆ కథ మన కొక కొలబద్దను ఇచ్చుచున్నది: ఈ ప్రేమ వలన నా తక్కిన బాధ్యతలు పెరిగినవా, తరిగినవా?

దీనికి సరిజోడుగా భారతమున ధర్మరాజు కథ కలదు. మహాప్రస్థానమున భార్యయు తమ్ములును ఒకరి తరువాత ఒకరు నేలగూలిరి. తుదకు వెంటవచ్చినది ఒక కుక్క. ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కను విడిచి రమ్మనెను. ధర్మరాజు ఒప్పుకొనలేదు. అప్పుడు ఇంద్రుడు సూదివంటి ప్రశ్న వేసెను: ద్రౌపదిని, తమ్ములను దారిలో విడిచి వచ్చినవాడవు, కుక్కను విడువలేవా? ధర్మరాజు చెప్పిన సమాధానము సారాంశమిది: వారు మరణించిన పిదప విడిచితిని, చనిపోయినవారిని తిరిగి బ్రతికించుట నా వశము కాదు, వారు బ్రతికియుండగా విడువలేదు. ఈ కుక్క బ్రతికియున్నది, నన్ను నమ్మి వచ్చినది. దీనిని విడుచుట పాపము.

ఈ సమాధానము మన ప్రశ్నకు ఎంత సమీపమో గమనింపుడు. బ్రతికినవానికి మనము పడిన బాకీ వేఱు, మృతునికి పడిన బాకీ వేఱు అని ధర్మరాజు గీత గీయుచున్నాడు. స్వర్గము కంటె ఎక్కువ తూగినది ప్రాణముతో వెంటవచ్చిన కుక్క. ఆ కుక్క పోలిక చెక్కిన బొమ్మ యైనచో ధర్మరాజు రథమెక్కకుండ నిలిచియుండునా? నిలిచియుండడనియే తోచుచున్నది. అట్లైనచో మృతులకు మన మేమియు బాకీ లేమా? ప్రతిమ వృథాయేనా? ఇచట తొందరపడరాదు.

ముందుగా ప్రతిమను దాని చుట్టములనుండి వేఱుచేసి చూడవలెను. మైసూరులో వాన్ ఇంగెన్ కుటుంబమువారు 1900నుండి 1999వఱకు ఒక కర్మశాలను నడిపిరి. రాజులు, దొరలు వేటాడిన పులులను, చిఱుతలను చర్మము చెడకుండ గడ్డితో నింపినట్లు నిలువెత్తు బొమ్మలుగా చేసి ఇచ్చుటలో వారు లోకప్రసిద్ధులు. అచట చర్మము నిజమైనది, జంతువు నిజమైనది. ప్రేమ మాత్రము లేదు. చంపినవాడు తన పరాక్రమమునకు గుర్తుగా దానిని గోడకెక్కించుకొనెను. ఉన్ని ప్రతిమయందు ఆ కుక్కది ఒక్క వెండ్రుకయైనను ఉండనక్కఱలేదు. కొందఱు దువ్వెనకు వచ్చిన వెండ్రుకలను ఉన్నిలో కలిపించుకొందురు గాని అది నియమము కాదు. ఒకటి మేనిని నిలిపి ప్రాణిని మఱచినది. మఱియొకటి మేనిని విడిచి ప్రాణిని తలచుచున్నది.

రెండవ చుట్టము నేటి విజ్ఞానము తెచ్చినది. 2005లో దక్షిణ కొరియాలోని సియోల్ నగరమున ‘స్నప్పి’ అను పేర, మఱొక కుక్కకు నకలుగా, మొదటి కుక్క పుట్టెను. దాని కొఱకు 1,095 పిండములను 123 ఆడుకుక్కల గర్భములందు ఉంచిరి. బ్రతికి బట్టకట్టినది ఆ ఒక్కటియే. నేడు ధనవంతులు చనిపోయిన తమ కుక్కలకు ఇట్టి నకళ్ళు చేయించుకొనుచున్నారు. పోయినదానిని తిరిగి పొందితిమను భ్రమ కొఱకు ఎన్నో నోరులేని తల్లులు శస్త్రచికిత్సకు లోనగుచున్నవి. పుట్టిన పిల్ల తనకు తానుగా జీవింపవలసినది. పుట్టకముందే మఱొకదాని పాత్రను మోయవలసి వచ్చినది. దానితో పోల్చినచో ఉన్ని ప్రతిమ ఎంత నిజాయితీ కలది! అది కదలదు, మొఱుగదు, తలుపు చప్పుడునకు పరుగెత్తుకొని రాదు. నేను ఆ కుక్కను కానని ప్రతిక్షణమును చెప్పుచునే యుండును. మంచి ప్రతిమ లేమిని దాచదు.

ఐనను ఇంతటితో ప్రతిమ నిర్దోషమని తీర్పు చెప్పరాదు. రామాయణమున ఒక ప్రతిమ కలదు. సీతను అడవికి పంపిన రాముడు అశ్వమేధము చేయబూనెను. సహధర్మచారిణి లేనిదే యజ్ఞము సాగదు. ఆయన మఱొకతెను చేపట్టలేదు. బంగారు సీతను చేయించి యజ్ఞమునందు నిలుపుకొనెను. మన పెద్దలు ఇందు రాముని ఏకపత్నీవ్రతమును చూచి కన్నీరు పెట్టిరి. ‘లవకుశ’ చలనచిత్రమును 1963లో చూచినవారును పెట్టిరి. అది నిజమే. ఆ ప్రతిమ సీత స్థానమును వేఱొకరు ఆక్రమింపకుండ కాచినది. కాని అదే వేళ అసలు సీత అడవిలో వాల్మీకి ఆశ్రమమున బ్రతికియున్నది! గౌరవము బంగారమునకు, వనవాసము మనిషికి దక్కినవి. ప్రతిమ ప్రేమకు సాక్ష్యము కాగలదు. చేయవలసిన న్యాయమును చేయకుండుటకు చక్కని సాకును కాగలదు. ప్రతిమను గూర్చిన అసలు భయమిదియే. ఇది మోహము కంటె పెద్దది.

ఈ భయము మన నగరమున కల్పితము కాదు. 2023లో నాటి బృహత్ బెంగళూరు మహానగర పాలిక జరిపించిన గణనలో వీథికుక్కలు సుమారు 2 లక్షల 79 వేలని తేలినది. ఆ సంవత్సరమే కేంద్ర ప్రభుత్వము జంతు జనన నియంత్రణ నియమావళిని క్రొత్తగా ప్రకటించెను. పట్టి, శస్త్రచికిత్స చేసి, పిచ్చికుక్క వ్యాధికి టీకా వేసి, పట్టినచోటనే విడుచుట అందలి పద్ధతి. ఆ పని ఎప్పుడును వెనుకబడియే యుండును. వీథికుక్క కఱచిన బిడ్డ తల్లి దుఃఖమును, ఆకలితో చెత్తకుండీ వెదకు కుక్క దుఃఖమును రెండును నిజములే. ఒకదానిని చూపి రెండవదానిని కొట్టివేయరాదు. కంపాషన్ అన్‌లిమిటెడ్ ప్లస్ యాక్షన్ అను సంస్థ 1991నుండి ఈ నగరమున గాయపడిన ప్రాణులను చేరదీయుచున్నది. అట్టివారికి మనుష్యులు చాలరు, ధనము చాలదు. ఇట్టి నగరమున ఒక యింట గాజుపెట్టెలో ఉన్నికుక్క ఆదరమున వెలుగుచు, ఆ యింటి గడపయొద్దనే మఱొక కుక్క రాతిదెబ్బ తిని పోవుచున్నచో, అది బంగారు సీత కథయే. ఇంతకుముందు కుక్కయు ఒక వ్యక్తియే యని ప్రతిమ ఒప్పుకొన్నదంటిమి. ఆ ఒప్పుకోలు గడప దాటి పోకున్నచో అది అబద్ధమగును.

మఱొక ప్రాణిని గూర్చి పలుకకుండుటయు అన్యాయమే. కుక్క ప్రతిమ గొఱ్ఱె ఉన్నితో తయారగుచున్నది. ఆ గొఱ్ఱెకు పేరు లేదు, పోలిక చేయువారు లేరు. ఈ పనికి వాడు మెత్తని మెరినో ఉన్ని ఎక్కువగా పరదేశములనుండి వచ్చును. ఆస్ట్రేలియాలో మెరినో గొఱ్ఱెపిల్లలకు తోక చుట్టునున్న చర్మపు మడతలలో పురుగు పట్టకుండుటకై ఆ చర్మమును కోసివేయు ఆచారము కలదు. న్యూజిలాండు 2018లో దానిని నిషేధించెను. ఇటు మన దక్కను పీఠభూమిమీద నల్లగొఱ్ఱె ముతక ఉన్నితో కురుమలు, కురుబలు తరతరములుగా గొంగళ్ళు నేసిరి. తెలంగాణమున దానిని గొంగడి యందురు. కన్నడసీమలో కంబళి యందురు. చిత్రదుర్గము జిల్లాలోని చళ్ళకెఱె దానికి ప్రసిద్ధి. నేడు ఆ ఉన్నికి కొనువారు కఱవై, అనేక తావుల కత్తిరింపు కూలియైనను గిట్టక, కాపరులు ఉన్నిని పాఱవేయుచున్నారు. ముతక ఉన్ని సూదిపోటునకు త్వరగా గట్టిపడును గనుక ప్రతిమ లోపలి మేనికి అది చక్కగా పనికివచ్చును. ఒక ప్రాణిని తలచుటకు మఱొక ప్రాణిని బాధింపకుండ, మన కాపరికి నాలుగు డబ్బులు ముట్టునట్లు చేయుట అసాధ్యమేమియు కాదు. ఏ ఉన్ని, ఎవరిది, ఎట్లు తెచ్చినది అని అడుగుట కొనువాని ధర్మము.

ఇక మృతులకు మన బాకీ యేమి అను ప్రశ్నకు సమాధానము ఈ నగరమునందే, రాతిమీద వ్రాయబడియున్నది. మండ్య జిల్లా మద్దూరు ప్రాంతమున ఆతకూరు అను గ్రామము కలదు. అక్కడ దొరకిన ఒక వీరశిల బెంగళూరు ప్రభుత్వ ప్రదర్శనశాలకు చేరినది. అది క్రీస్తుశకము 949–950 నాటిది. ఆ కాలమున తక్కోలమువద్ద రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడు, అతని పక్షమున గంగరాజు రెండవ బూతుగుడు, చోళరాజకుమారుడు రాజాదిత్యునితో పోరాడిరి. రాజాదిత్యుడు కూలెను. ఆ యుద్ధమున పరాక్రమించిన మనలెరుడను తన బంటును బూతుగుడు మెచ్చి, కోరుకొమ్మనెను. గ్రామము కోరవచ్చును, ధనము కోరవచ్చును. అతడు కాళి యను రాజుగారి వేటకుక్కను కోరెను. పిదప ఆ కుక్కను ఒక గొప్ప అడవిపందిమీదికి విడువగా, రెండును పెనగులాడి రెండును చచ్చెను. మనలెరుడు చళ్ళేశ్వరాలయము ముందు రాయి నిలిపించెను. కుక్కయు పందియు పోరాడు బొమ్మ ఆ రాతిమీద చెక్కబడియున్నది.

సాధారణముగా వీరశిల యుద్ధమున చచ్చిన మనుష్యునికి నిలుపుదురు. వెయ్యేండ్లకు పూర్వమే ఒక కుక్కకు ఆ మర్యాద దక్కినదనుట ఆశ్చర్యము. కాని అంతకంటె గమనింపదగినది మఱొకటి కలదు. రాయితో పాటు చెఱువు క్రింద కొంత భూమిని అతడు దానమిచ్చెను. ఆ భూమిని అనుభవించు పూజారి ఈ శిలకు పూజ చేయక భుజించినచో పాపము తగులునని శాసనమున వ్రాయించెను. అనగా ఆ ప్రతిమ ఊరక నిలువలేదు. అది భూమిని తెచ్చినది, విధిని తెచ్చినది. ఒక బ్రతికిన మనుష్యుడు తన కూటికి ముందు ఒక పని చేయవలసివచ్చినది. చనిపోయినవానిని మనము బ్రతికింపలేము. ధర్మరాజు చెప్పినది నిజము. కాని చనిపోయినవాని పేర, బ్రతికినవారి లోకమున ఒక నియమమును నెలకొల్పగలము. మృతులకు మనము తీర్పగలిగిన బాకీ ఇదియొక్కటియే. అది బ్రతికియున్నవారి చేతికే ముట్టవలెను.

మన సంప్రదాయమున తద్దినము పెట్టుటలోని ఆంతర్యమును ఇంతకంటె వేఱు కాదు. పోయినవారి పేర వచ్చినవారికి అన్నము పెట్టుదుము. పెట్టిన అన్నము పోయినవారికి చేరునో లేదో శాస్త్రజ్ఞులు చర్చించుకొందురు గాక. ఆకలిగొన్నవానికి చేరుట మాత్రము కంటికి కనబడుచున్నది. ఉన్ని ప్రతిమ విషయమునను ఇట్టి మర్యాద ఏర్పఱచుకొనవచ్చును. ప్రతిమకు వెచ్చించినంత ధనమును ఒక వీథికుక్క శస్త్రచికిత్సకో, టీకాకో ఇయ్యవచ్చును. వేసవిలో గేటుముందు మట్టితొట్టిలో నీరు పోయించవచ్చును. కాలు విఱిగిన కుక్కను ఆసుపత్రికి చేర్చవచ్చును. ఇంకొక కుక్కను పెంచు ఓపిక ఉన్నవారు, జాతికుక్కకు వేలు పోయక, ఆశ్రయములోని కుక్కను తెచ్చుకొనవచ్చును. ఆ వచ్చినది పాతదానికి మాఱుపేరు కాక తన పేరుతో తాను పెరుగవలెను.

ప్రతిమ శాశ్వతము కాదను భయమును కొందఱకు కలదు. నిజమే, ఉన్ని పురుగునకు ఆహారము. వేపాకు, కర్పూరము ఉంచినను ఎన్నటికో ఒకనాటికి చిమటలు పట్టును. టోక్యోలో హాచికో యను కుక్కకు 1934లో నిలిపిన కంచు ప్రతిమయే యుద్ధకాలమున కరగిపోయెను. 1948లో మరల పోతపోసిరి. కంచునకే లేని శాశ్వతత్వము ఉన్నికి ఎక్కడిది? మన తెలుగువారు దీనికి దుఃఖింపనక్కఱలేదు. మట్టి వినాయకుని చేసి, ఆవాహనము చేసి, కొలిచి, ఉద్వాసన చెప్పి నీట కలుపువారము మనము. కొలువు తీఱిన పదియవనాడు బొమ్మలను పండుకొనబెట్టి పెట్టెలో దాచువారము. ప్రతిమను పిలుచుట యెట్లో, పంపుట యెట్లో రెండును మనకు తెలిసినవే. చిమట కొట్టిన నాడు దానిని చెట్టు మొదట మట్టిలో కలిపినచో లోపము లేదు. అప్పటికి దుఃఖమును మెత్తబడియుండును. ప్రతిమ తన పని ముగించుకొని యుండును.

కావున మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. ప్రతిమ చేయించుకొనుట తగును. దుఃఖించువానిని చూచి, కుక్క కొఱకు ఇంత యేడుపా యని నవ్వువాడు ఆతకూరు రాతిని చూచి రావలెను. కాని ప్రతిమ ఋణపత్రమే గాని చెల్లుచీటీ కాదు. ఒక నోరులేని ప్రాణి పదియేండ్లు నా తలుపుకడ కాచుకొని యుండెను, దానికి నేను బాకీ పడియున్నాను అని వ్రాసియిచ్చిన పత్రమది. పత్రమును చట్రములో బిగించి గోడకు వ్రేలాడదీసినంత మాత్రమున బాకీ తీరదు. ఋణదాత మరలిపోయినాడు, అతని జాతివారు వీథిలోనే యున్నారు.